క్లాసులో పాడ్‌కాస్ట్‌లకు టాబ్లెట్లు: మూడేళ్లు వాడాక

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో టాబ్లెట్ల మీద పాడ్‌కాస్ట్‌లు చేయించడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. ఎడిటింగ్‌కి టాబ్లెట్‌ని మించింది నాకు కనిపించలేదు. రికార్డింగ్‌కి మాత్రం దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. ఈ తేడా తెలియక మొదటి ఏడాదంతా అవస్థ పడ్డాం.

టాబ్లెట్‌ని మధ్యలో పెట్టి నలుగురు చుట్టూ కూర్చుంటే, దగ్గరున్నవాళ్ల మాట బాగానే వస్తుంది, అవతలివాళ్లది బావిలోంచి వచ్చినట్టుంటుంది. నోటికీ మైకుకీ దూరం రెట్టింపయితే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఫ్యాను హోరు మాత్రం అలాగే ఉంటుంది. కాలరుకి తగిలించుకునే చిన్న వైరు మైకులు తెచ్చాకే ఆ బాధ తీరింది. మైకు కొనేముందు మీ టాబ్లెట్‌కి ఇయర్‌ఫోన్ పిన్ పెట్టే చోటుందో లేదో చూసుకోండి. మామూలు ఐప్యాడ్‌లో కూడా 2022లో వచ్చిన పదో తరం నుంచి అది లేదు, టైప్-సి ఒక్కటే.

ఎడిటింగ్‌కి ఐప్యాడ్‌లో గ్యారేజ్‌బ్యాండ్ అనే యాప్ వాడతాం, ఉచితమే. గొంతు స్క్రీన్ మీద గీతలుగా కనిపిస్తుంది, పిల్లలు వేలితో పట్టుకుని కోస్తారు. ఒకమ్మాయి తన రికార్డింగ్‌లో "అంటే... అంటే..." అన్న ప్రతిచోటా కోసేసింది. ఆ ఊపులో ఊపిరి తీసుకున్న చోట్లు కూడా పోయాయి. విని, "టీచర్, ఎవరో తరుముతుంటే మాట్లాడుతున్నట్టుంది" అంది. అన్‌డూ నొక్కుకుంటూ వెనక్కి వెళ్లి, ఒక్కో ఊపిరినీ తిరిగి తెచ్చుకుంది. మర్నాటి నుంచి గట్టిగా చదివేటప్పుడు కామాల దగ్గర ఆగడం మొదలుపెట్టింది. నేను రెండేళ్లుగా చెబుతున్న మాటే అది!

మొదటిసారి విన్నప్పుడు మాత్రం చాలామంది చెవులు మూసుకుంటారు, "ఇది నా గొంతు కాదు" అంటారు. మన గొంతు మనకు గాలి ద్వారానే కాక తల ఎముకల ద్వారా కూడా వినిపిస్తుందని, రికార్డింగ్‌లో ఆ రెండోది ఉండదని చెప్పాక కొంత టెన్షన్ తగ్గుతుంది. సిగ్గరి పిల్లల్ని తొందరపెట్టకండి, వాళ్లకి ముందు ఎడిటింగ్ అప్పగించండి.

నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమనే సంగతి ఒకటుంది. ఇద్దరు పిల్లలు స్కూలు తోటమాలితో ఇంటర్వ్యూ చేస్తుంటే మెమరీ నిండిపోయి మధ్యలోనే ఆగిపోయింది. ఆయన ఓపిగ్గా మళ్లీ చెప్పారు కానీ, మొదటిసారి చెప్పినప్పటి ఉత్సాహం రెండోసారి రాలేదు. వేవ్ ఫైలు, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలు, స్టీరియోలో (రెండు చానెళ్లలో) నిమిషానికి సుమారు 10 ఎంబీ తింటుంది. ఇరవై నిమిషాల మాటలు ఎనిమిది గ్రూపులవి కలిపితే 1.6 జీబీ. మాటలకి మోనో (ఒకే చానెల్) చాలు, సగం మిగులుతుంది. ఇప్పుడు మెమరీ చూడటం, ఫ్లైట్ మోడ్ పెట్టడం, పది సెకన్లు రికార్డు చేసి వినడం అయ్యాకే అసలు పని.

బ్యాటరీతో ఇబ్బంది రాలేదు. పూర్తయినవి బయట ఎక్కడా పెట్టం. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, వాళ్లకీ మిగతా క్లాసులకీ మాత్రమే వినిపిస్తాం.

మనిషికొక టాబ్లెట్ ఇచ్చి చూశాం, ఎవరి లోకం వాళ్లదైపోయింది. నలుగురికి ఒకటిస్తే ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని వాదించుకుంటారు. ఆ వాదన కోసమే మిగతా టాబ్లెట్లు వేరే క్లాసుకి ఇచ్చేశాను.