లెక్కపెట్టి తాగాలా, దప్పికేస్తే తాగాలా?

మా అమ్మకు డెబ్బై దాటాయి. నడివేసవిలో కూడా పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా రెండు గ్లాసులు తాగితే గొప్ప. "దాహం లేందే నీళ్లెట్లా దిగుతాయే" అంటుంది. మా తమ్ముడేమో ఏసీ గదిలో కూర్చుని పనిచేస్తూ, సీసా మీద గీతలు పెట్టుకుని రోజుకు నాలుగు లీటర్లు పూర్తిచేస్తాడు. ఒకరిది దప్పిక పద్ధతి, ఇంకొకరిది లెక్క పద్ధతి. చదివి, డాక్టర్లను అడిగి నేను తేల్చుకున్నదేమిటంటే, వీళ్లిద్దరూ పద్ధతులు మార్చుకోవాలి.

ముందు లెక్క సంగతి. 1945లో అమెరికాలోని ఆహార, పోషణ మండలి పెద్దవాళ్లకు రోజుకు రెండున్నర లీటర్ల నీరు సరిపోతుందంది. అందులో ఎక్కువ భాగం వండిన ఆహారంలోనే దొరుకుతుందని కూడా ఆ వెంటనే చెప్పింది. మొదటి మాటే జనంలో నిలబడి, రెండోది జారిపోయి రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగాలనే లెక్క పుట్టిందని చాలామంది అంటారు. 2002లో హైన్జ్ వాల్టిన్ అనే మూత్రపిండాల శాస్త్రవేత్త ఈ లెక్కకు ఆధారం కోసం వెతికి, దొరకలేదని రాశారు. ఆయన చెప్పింది మాత్రం ఎండలు మితంగా ఉండే చోట, కూర్చుని పనిచేసే ఆరోగ్యవంతుల గురించి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఇటుకలు మోసే మనిషి గురించి కాదు.

వండిన అన్నం బరువులో మూడింట రెండు వంతులు నీరే. పైన చారు, చివర మజ్జిగ, మధ్యలో టీ. ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. సీసాలో తాగిందే నీరనుకోవడం వల్లే మా తమ్ముడు నాలుగు లీటర్ల దాకా వెళ్లాడు.

నీడపట్టున ఉండే ఆరోగ్యవంతుడికి దప్పికే మేలు. రక్తంలో ఉప్పు గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మెదడు గొంతు తడుపుకోమంటుంది. అంతకు ముందే మూత్రపిండాలు నీటిని పొదుపు చేయడం మొదలుపెడతాయి. బలవంతంగా అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది. దారి పొడవునా ఎక్కువెక్కువ తాగి, పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లలోనే ఇది ఎక్కువగా కనిపించింది.

ఇక మా అమ్మ విషయం. వయసు మీదపడితే దప్పిక తెలియడం మందగిస్తుంది, మూత్రపిండాల పొదుపు కూడా తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గినా గొంతు ఎండదు. అందుకే అమ్మకు లెక్కే పెట్టాను: లేవగానే ఒక గ్లాసు, టిఫిన్ తర్వాత ఒకటి, పదకొండింటికి ఉప్పేసిన పలచటి మజ్జిగ, ఇలా సాయంత్రం దాకా. ఒక్కసారే చెంబెడు ఇస్తే తాగదు, సగం సగం గ్లాసులైతే తాగుతుంది. ఆమెకు గుండె, కిడ్నీ జబ్బులు లేవని తెలిశాకే ఇది మొదలుపెట్టాను.

ఒకసారి కిడ్నీలో రాయి వచ్చినవాళ్లకూ లెక్కే మేలు. ఇటలీ వైద్యులు 199 మందిని ఐదేళ్లు గమనించి, 1996లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు కనీసం రెండు లీటర్ల మూత్రం వచ్చేలా తాగినవాళ్లలో 12 శాతం మందికి, మామూలుగా తాగినవాళ్లలో 27 శాతం మందికి రాళ్లు మళ్లీ వచ్చాయి.

ఎండలో పనిచేసేవాళ్లు దప్పిక కోసం కాచుకుని కూర్చోకూడదు. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగాలి, అయితే గంటకు లీటరున్నర దాటకూడదు. గంటల తరబడి చెమట కారితే ఉత్త నీళ్లు చాలవు, ఉప్పు కలిపిన మజ్జిగో గంజో కావాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల మధ్య ఊళ్లను కిడ్నీ జబ్బు పీడిస్తోంది. కారణం ఇంకా తేలలేదు. ఎండలో కష్టపడేవాళ్ల ఒంట్లో మళ్లీ మళ్లీ నీరు ఇంకిపోవడం అనుమానాల్లో ఒకటి. అక్కడ ఒకే ఇంట్లో తోటకు వెళ్లే కొడుకు ఇంకా తాగాలి, డయాలసిస్ మీద ఉన్న తండ్రి డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. గుండె నీరసించినవాళ్లకూ అంతే. వాళ్లకు దప్పికా కాదు, పక్కింటివాళ్ల లెక్కా కాదు.

మనం ఎటున్నామో తెలుసుకోవడానికి మూత్రం రంగు చూసుకోవడం సులువు. లేత పసుపులో ఉంటే సరిపోతోందని అర్థం. ముదురుగా, మంటతో, కాస్తకాస్తగా వస్తుంటే తాగాలి. బీ కాంప్లెక్స్ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం రంగును నమ్మకూడదు.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. దప్పికేసినా, లెక్క తెలిసినా తాగని ఆడవాళ్లు ఎంతమందో! బట్టల షాపులో రోజంతా నిలబడే అమ్మాయి, మేస్త్రీ పనికి వెళ్లే ఆమె, దూరం బస్సెక్కే టీచరమ్మ. మూత్రానికి ఎక్కడికి వెళ్లాలో తెలియక ఇంట్లో బయల్దేరేముందే నీళ్లు మానేస్తారు. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు అని మందులు వాడుతుంటారు. నేనూ కాలేజీ రోజుల్లో అలాగే చేశాను. అలాంటి మనిషికి మూడు లీటర్లు తాగమని సలహా ఇచ్చి ఏం లాభం? షాపు యజమాని తలుపు గడియ పడే ఒక మరుగుదొడ్డి కట్టిస్తే, ఆ అమ్మాయి తన దప్పిక తనే తీర్చుకుంటుంది.

బడి నుంచి వచ్చిన పిల్ల సంచిలో నీళ్ల సీసా పొద్దున నింపింది నింపినట్టే ఉంటే, ఎందుకు తాగలేదని కసరకండి. బడిలో మరుగుదొడ్డి ఎలా ఉందో ముందు అడగండి.