లిస్బన్‌లో నాలుగు సెమిస్టర్లు పోర్చుగీసు చదివాక

మా ఆయన ఉద్యోగం లిస్బన్‌కి మారడంతో రాజమండ్రి నుంచి ఇక్కడికి వచ్చి మూడేళ్ళు దాటింది. అందులో రెండేళ్ళు, అంటే నాలుగు సెమిస్టర్లు, ఇక్కడి ఒక యూనివర్సిటీలో విదేశీయులకి పోర్చుగీసు నేర్పే కోర్సు చదివాను, ఏ1 నుంచి బీ2 దాకా (యూరప్‌లో భాష వచ్చిన స్థాయిని ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని లెక్కేస్తారు, ఏ1 మొదటి మెట్టు). యూనివర్సిటీ పేరు రాయడం లేదు, ఈ ఊళ్ళో ఇలాంటి కోర్సులు ఒకటికన్నా ఎక్కువ చోట్లే ఉన్నాయి, నేను చెప్పేది చాలావరకు అన్నిటికీ పనికొస్తుంది. చేరదామా వద్దా అని మనవాళ్ళు అడిగినప్పుడల్లా ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబుతున్నా, అందుకే ఈసారి మొత్తం ఒకచోట పెడుతున్నాను.

వ్యాకరణానికీ రాతకీ ఈ కోర్సుకి పూర్తి మార్కులు ఇస్తా. చెవికి మాత్రం సగం కూడా ఇవ్వలేను.

చెవి సంగతే ముందు చెప్పాలి, ఎక్కువ ఏడిపించింది అదే. క్లాసులో మేడమ్ ఒక్కో మాటా విడదీసి, నిదానంగా పలుకుతారు. అంతా అర్థమవుతుంది, సంతోషంగా ఉంటుంది. ఏ2 మంచి మార్కులతో పాసయ్యాక మా వీధి చివర కూరగాయల షాపుకి వెళ్తే, ఆవిడ అన్న మాట నాకు అస్సలు అందలేదు. మూడుసార్లు అడిగించుకున్నా. "మైజ్ అల్గుమ కొయ్‌జ?" అంటోంది, ఇంకేమైనా కావాలా అని. పుస్తకంలో అవి మూడు వేరు వేరు మాటలు, మూడూ నాకు తెలుసు. ఆవిడ నోట్లో అది ఒకే మాట. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను కూడా.

కారణం తర్వాత అర్థమైంది. పోర్చుగల్ పోర్చుగీసులో ఊనిక పడని అచ్చుల్ని బాగా తగ్గించేస్తారు, కొన్నిటిని పూర్తిగా మింగేస్తారు. "దిఫెరెంతె" అని రాసి ఉన్నది "దిఫ్రెంత్" అని వినిపిస్తుంది. మనదేమో అజంత భాష, మాట చివర అచ్చు వినపడితే తప్ప మాట అయిపోయిందని మన చెవి ఒప్పుకోదు. బ్రెజిల్ వాళ్ళు అచ్చుల్ని చాలా తేటగా పలుకుతారు కాబట్టి వాళ్ళ మాట మనకి తొందరగా అందుతుంది. ఫోన్‌లో యాప్ పెట్టుకుని వచ్చేవాళ్ళు చాలామంది నేర్చుకునేది ఆ బ్రెజిల్ పోర్చుగీసే. నేనూ ఇండియాలో నాలుగు నెలలు అదే చేసి వచ్చాను. రైలుకి అక్కడ "త్రెం", ఇక్కడ "కొంబోయు". బస్సుకి ఇక్కడ "ఔతుకారు". మాటలు మార్చుకోవడం పెద్ద పని కాదు, చెవిని మార్చుకోవడానికే ఏడాది పట్టింది.

కోర్సు ఇందుకు చేసింది తక్కువ. వారానికి పన్నెండు గంటల క్లాసులో వినడానికి కేటాయించింది ఒక్క గంట, అది కూడా స్టూడియోలో చదివి రికార్డు చేసినవి. నాకు చెవి తెరుచుకున్నది మూడు చోట్ల. రోజూ రాత్రి 8 గంటలకి ఆర్‌టీపీ1లో వచ్చే తెలెజొర్నాల్ వార్తలు, ఎదురింటి పెద్దావిడతో మెట్ల మీద కబుర్లు, ఇంటి కింద కాఫీ కొట్టు. టీవీలో ఇంగ్లీషు సినిమాలు, సీరియళ్ళు డబ్బింగ్ లేకుండా కింద అక్షరాలతో వేస్తారు కాబట్టి అవి పెట్టుకుని కూర్చుంటే చదవడం వస్తుంది కానీ వినడం రాదు. ఇంకో ఇబ్బంది, మనం కాస్త తడబడగానే ఇక్కడివాళ్ళు సాయం చేద్దామని ఇంగ్లీషులోకి వచ్చేస్తారు. "పోర్చుగీసులోనే మాట్లాడదామా, నేర్చుకుంటున్నాను" అన్న ఒక్క వాక్యం బట్టీ పట్టి మొదటి రోజు నుంచే వాడండి. అలా అడిగితే కాదన్నవాళ్ళు నాకు ఒక్కరు కూడా తగల్లేదు.

ఇక వ్యాకరణం. ఇక్కడ తెలుగువాళ్ళకి ఎంత సులువో ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

"వస్తాను" అంటే చాలు, "నేను" అక్కర్లేదు కదా. పోర్చుగీసూ అంతే, క్రియ చివరే మనిషిని చెప్పేస్తుంది. మా క్లాసులో జర్మన్, చైనా పిల్లలు ప్రతి వాక్యంలో "నేను" పెట్టి దిద్దించుకునేవాళ్ళు. "సేర్", "ష్తార్" అని రెండు క్రియలున్నాయి, రెంటికీ ఇంగ్లీషులో ఒకటే మాట కాబట్టి అందరూ తికమకపడతారు. మనకి "ఆయన డాక్టరు" అన్నప్పుడు క్రియే ఉండదు, "ఆయన ఇంట్లో ఉన్నాడు" అన్నప్పుడు "ఉన్నాడు" వస్తుంది. క్రియ లేని చోట సేర్, "ఉంది" వచ్చే చోట ష్తార్ అని పెట్టుకుంటే పదిలో ఎనిమిదిసార్లు సరిపోయింది. కదలని చోట్లకి మాత్రం కుదరదు. మందుల షాపు ఎక్కడుంది అని అడగడానికి ష్తార్ వాడకూడదు, "ఓంద్ ఫీక" అనాలి.

అన్నిటికన్నా నాకు నచ్చింది బీ1లో వచ్చే ఒక రూపం, "తినడానికి", "వెళ్ళడానికి" లాంటి క్రియకే మనిషి గుర్తు తగిలిస్తారు. "పిల్లలు తినడానికి" అనడానికి "పర ఉష్ మియూదుష్ కుమేరెం". క్లాసంతా దాని మీద వారం రోజులు తల పట్టుకుంది. నాకు మాత్రం "పిల్లలు తినడానికి, మనం వెళ్ళడానికి" అని తెలుగులో అనుకుంటే వాక్యం దానంతట అదే కుదిరింది. దేశం కాని దేశంలో ఆ క్లాసు గదిలో నా భాష నాకు అలా అక్కరకొస్తుందని అనుకోలేదు. చాలా గర్వంగా అనిపించింది.

నోట్సు తెలుగు లిపిలో రాసుకోండి, ఇది గట్టిగా చెబుతున్నా. త, ద మన తకార దకారాలే. చివరి "ఓ"ని "ఉ" అని పలుకుతారు, పుస్తకం "లివ్రు", పిల్లి "గాతు", మనం బస్సు, బుక్కు అన్నట్టే. ద్రాక్షసారా "వీఞు", ఇన్నాళ్ళూ అక్షరమాలలో ఊరికే కూర్చున్న ఞ అక్షరానికి రోజూ పని దొరికింది. ఒకరోజు మేడమ్ మీ భాషలో పోర్చుగీసు మాటలేమైనా ఉన్నాయా అని అడిగితే బోర్డు మీద అల్మారా, బొత్తాం, తువ్వాలు, మేస్త్రి, ఆయా, అనాస రాశాను. ఆవిడ ఫోటో తీసుకున్నారు.

కష్టపెట్టినవీ ఉన్నాయి. మాట మొదట్లో వచ్చే "ర" గొంతులోంచి రావాలి, నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు. వారాల పేర్లు అంకెలు, కానీ సోమవారం రెండోది, ఆదివారం నుంచి లెక్క. "కింత" అంటే ఐదోది, అంటే గురువారం. నేను సోమవారం నుంచి లెక్కపెట్టి శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాను, మళ్ళీ అపాయింట్‌మెంట్ దొరకడానికి నెల పట్టింది. జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి ఎత్తుకుని వెనక్కి రావడం మర్చిపోలేను.

యూనివర్సిటీ ఆఫీసు పని గురించి కూడా చెప్పాలి. రెసిడెన్సీ రెన్యువల్‌కి హాజరు లెటర్ అడిగితే ఆరు వారాలు తిప్పారు, ఆ టెన్షన్‌లో ఒక యూనిట్ టెస్ట్ పాడు చేసుకున్నా. లెటర్లు ఏవి కావాలన్నా సెమిస్టర్ మొదట్లోనే అడిగేయండి. ఫీజు సెమిస్టర్‌కి మా ఒక నెల ఇంటద్దెకి కాస్త అటూ ఇటూగా అయ్యింది, నేర్పిన దానికి అది ఎక్కువ అనను.

మీకు కావాల్సింది ఏ2 సర్టిఫికెట్ ఒక్కటే అయితే ఇంత ఖర్చు వద్దు. ప్రభుత్వమే వలస వచ్చినవాళ్ళకి పీఎల్‌ఏ అనే ఉచిత కోర్సులు నడుపుతోంది, ఏ1, ఏ2 కలిపి 150 గంటలు. లేదంటే సొంతంగా చదివి సీప్లె అనే ఏ2 స్థాయి పరీక్ష రాయొచ్చు, 55 శాతం వస్తే పాస్, మాట్లాడే భాగంలో ఇద్దరిద్దర్ని కలిపి కూర్చోబెడతారు. ఇక్కడ మాస్టర్స్ పోర్చుగీసులో చదవాలన్నా, నర్సుగానో టీచరుగానో పని చేయాలన్నా మాత్రం యూనివర్సిటీ కోర్సుకే వెళ్ళండి. ఈమెయిల్, అర్జీ, వ్యాసం, ఏది రాసినా అవతలివాళ్ళు ఒక్క తప్పు కూడా చూపించనంతగా రాయడం నాకు అక్కడే వచ్చింది.

సెప్టెంబరులో సీ1కి మళ్ళీ చేరుతున్నాను, అదే చోట, సాయంత్రం బ్యాచ్‌లో. కూరగాయల షాపావిడ ఇప్పుడు టమాటాలు తూస్తూ వాళ్ళ కోడలి సంగతులు చెబుతోంది, అన్నీ అర్థమవుతున్నాయి.