వారం వారం అడిగే యాపా, ఎదురుగా కూర్చుని వినే మనిషా: చిన్న ఇంజినీరింగ్ టీమ్‌కి ఏది మేలు?

ఏప్రిల్ వచ్చిందంటే మా ఆఫీసులో అందరికీ జ్ఞాపకశక్తి పరీక్షే. కిందటి జూన్‌లో ఏం చేశామా అని పాత మెయిళ్లు తవ్వి సెల్ఫ్ అప్రైజల్ ఫారం నింపుతారు. నేను తొమ్మిది మందికి లీడ్‌ని. తొమ్మిది ఫారాలు చదివి తొమ్మిది రేటింగులు వేయాలి. నిజం చెప్పాలంటే ఫిబ్రవరి, మార్చిలో కష్టపడినవాళ్లే గుర్తుంటారు. ఆగస్టులో మూడు రాత్రులు మేలుకుని డేటాబేస్ మైగ్రేషన్ గట్టెక్కించిన అమ్మాయి ఆ సంగతి ఫారంలో రాసుకోకపోతే నా లెక్కలో లేనట్టే.

ఈ పద్ధతితో విసిగింది మేమొక్కళ్లమే కాదు. అడోబీ 2012లోనే ఏడాదికోసారి రివ్యూ ఎత్తేసి, మధ్యమధ్యలో మాట్లాడుకునే 'చెక్ ఇన్' పెట్టుకుంది. మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో ఉద్యోగుల్ని వరసలో నిలబెట్టి ర్యాంకులిచ్చే పద్ధతి మానేసింది. ఫారాలు, మీటింగులు, రేటింగులు అన్నీ కలిపితే తమ కంపెనీలోనే ఏడాదికి దాదాపు 20 లక్షల గంటలు పోతున్నాయని డెలాయిట్ 2015లో లెక్క బయటపెట్టింది. ఏడాదికోసారి అప్రైజల్ జీతం పెంచడానికి పనికొస్తుందేమో గానీ పని మెరుగుపడటానికి పనికిరాదు. దాన్ని పక్కన పెట్టేద్దాం.

ఫీడ్‌బ్యాక్‌కి మిగిలిన దారులు రెండు. ఒకటి, వారం వారం ప్రశ్నలడిగే టూల్. 15ఫైవ్, లాటిస్, కల్చర్ ఆంప్ ఈ కోవలోవే. మన హైదరాబాద్ కంపెనీలు కేకా, డార్విన్‌బాక్స్ కూడా హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లోనే ఈ సదుపాయం ఇస్తున్నాయి. 15ఫైవ్ పేరులోనే కిటుకంతా ఉంది: ఉద్యోగి పదిహేను నిమిషాల్లో రాయాలి, మేనేజరు ఐదు నిమిషాల్లో చదవాలి. రెండోది వన్ ఆన్ వన్, అంటే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం.

టూల్ కొన్న కొత్తలో నాకు బాగా నచ్చింది. స్టాండప్‌లో, అంటే రోజూ పొద్దున టీమంతా కలిసే చిన్న మీటింగులో, నోరు మెదపని కుర్రాడొకడు రెండో వారంలోనే రాశాడు: 'ఆన్‌కాల్ (వేళకాని వేళ సమస్యొస్తే చూసే వంతు) ఉన్నవాళ్లు రాత్రి రెండింటికి లేచి, మళ్లీ తొమ్మిదిన్నరకి స్టాండప్‌కి రావడం కష్టంగా ఉంది.' నిజమే కదా. మర్నాడే స్టాండప్ పదకొండుకి మార్చాను. తర్వాతి వారం అందరూ రెండేసి పేరాలు రాశారు. అందులో ముగ్గురు ఒకే మాట చెప్పారు, బిల్డ్‌కి, అంటే రాసిన కోడ్ నడిచే ప్రోగ్రాముగా తయారవడానికి, నలభై నిమిషాలు పడుతోందని. అది వేరే టీమ్ చేతిలోని సర్వరు. వాళ్లకి మెయిల్ పెట్టి ఊరుకున్నాను, నా వాళ్లకి మాత్రం ఏమీ చెప్పలేదు. ఆరు వారాలు తిరిగేసరికి జవాబులన్నీ 'ఓకే', 'గుడ్', 'నథింగ్' దగ్గరికొచ్చాయి. 'ఇది నా వల్ల కాదు, అడిగాను, వాళ్లింకా చెప్పలేదు' అని ఒక్క ముక్క రాసుంటే సరిపోయేది. టూల్ ఏదైనా ఫరవాలేదు, అడిగినదానికి బదులు రాకపోతే నెలన్నరకి మించి ఎవరూ మనసు విప్పి రాయరు.

మూడ్‌కి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేసే ప్రశ్న కూడా ఉండేది. ఒకతను పదకొండు వారాలు వరసగా నాలుగే వేశాడు. పన్నెండో వారం రాజీనామా ఇచ్చాడు. మా ఆఫీసున్న విశాఖ రుషికొండ దిగువన టీ బడ్డీ దగ్గర అడిగాను, "మరి నాలుగెందుకు వేశావు?" అని.

"మూడు వేస్తే కారణం రాయమంటుందన్నా," అన్నాడు.

డాష్‌బోర్డు మీద మాత్రం పదకొండు వారాలూ ఆకుపచ్చ గీత.

ఇక పేరు తెలియకుండా రాయొచ్చన్న మాట. చాలా టూల్స్ ముగ్గురో ఐదుగురో జవాబివ్వందే ఫలితం చూపించవు. పెద్ద డిపార్టుమెంటుకి అది రక్షణే. తొమ్మిది మందిలో ఏం దాగుతుంది? 'రిలీజ్ రోజు ఏటైందో అందరికీ తెలుసు' అని ఒకరు రాశారు. మా టీమ్‌లో 'ఏటి' అనేది ఒక్కరే, శ్రీకాకుళం మనిషి. పేరు లేకపోయినా యాస పట్టిచ్చేసింది. నేను చూడనట్టు నటించాను, అతను రాయనట్టు నటించాడు.

టూల్‌లో ఒకరికొకరు ఇచ్చుకునే మెచ్చుకోలు బ్యాడ్జీల సంగతి సరేసరి. నెల చివర ఎవరికెన్ని వచ్చాయో లెక్క చూపిస్తారని తెలిశాక ఇస్తినమ్మా వాయనం, పుచ్చుకుంటినమ్మా వాయనం అన్నట్టు తయారైంది.

అలాగని వన్ ఆన్ వన్‌ని నెత్తిన పెట్టుకోవడానికీ లేదు. మొదట్లో నా వన్ ఆన్ వన్‌లన్నీ ఆ టీ బడ్డీ దగ్గరే జరిగేవి. రుషికొండ గాలి, చేతిలో అల్లం టీ, మాటలు వాటంతటవే వచ్చేవి. కొన్నాళ్లకి గానీ తట్టలేదు, నాతో టీకి వచ్చేవాళ్ల కష్టాలే నాకు తెలుస్తున్నాయని. మైగ్రేషన్ చేసిన అమ్మాయి టీ తాగదు, సాయంత్రం గాజువాక బస్సు అందుకోవాలి. ఆమెతో తీరిగ్గా మాట్లాడి నాలుగు నెలలైంది. టూల్ అందరినీ ఒకేలా అడుగుతుంది, నేనలా అడగలేదు. ఈ ఒక్క విషయంలో అది నాకంటే మేలు.

సమయం కూడా లెక్కేసుకోవాలి. తొమ్మిది మందికి తలా అరగంట చొప్పున వారం వారం అంటే నాలుగున్నర గంటలు. రిలీజ్ వారంలో ముందు ఎగిరిపోయేవి ఇవే. రెండు వారాలకోసారి పెట్టుకుంటే సగటున వారానికి రెండుంపావు గంటలు, అది నిలబడింది. ఇప్పుడు చిన్న మీటింగ్ రూములో, క్యాలెండరులో పెట్టి, ఇద్దరికీ కనిపించే డాక్యుమెంటులో నాలుగు ముక్కలు రాసుకుంటూ మాట్లాడుతున్నాం.

ఇంకో సంగతి. ఎడాపెడా ఫీడ్‌బ్యాక్ ఇస్తే పని బాగుపడుతుందన్న నమ్మకమే సగం తప్పు. క్లూగర్, డెనిసీ అనే ఇద్దరు పరిశోధకులు 1996లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మూడో వంతుకి పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పనితీరు తగ్గింది. మాట పని మీద నుంచి మనిషి మీదకి మళ్లేకొద్దీ ఫలితం తగ్గుతుందని వాళ్లు తేల్చారు. ఇది కోడ్ రివ్యూలో, అంటే ఒకరు రాసిన కోడ్‌ని మరొకరు చూసి కామెంట్లు పెట్టే చోట, రోజూ కనిపిస్తుంది. 'ఇక్కడ లిస్టు ఖాళీగా వస్తే ఏమవుతుంది?' అంటే పది నిమిషాల్లో సరిచేస్తారు. 'నువ్వెప్పుడూ ఇంతే, టెస్టులు రాయవు' అంటే వాదన మొదలవుతుంది. అసలు ఇంజినీర్లకి రోజూ అందే ఫీడ్‌బ్యాక్ కోడ్ రివ్యూనే, దానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. టూల్ కొనేముందు మీ టీమ్ రివ్యూ కామెంట్లు ఒక నెలవి తిరగేసి చూడండి.

పదిహేను మంది లోపు, అందరూ ఒకే ఆఫీసులో ఉంటే నా ఓటు వన్ ఆన్ వన్‌కే. సగం మంది ఇక్కడ, సగం హైదరాబాద్‌లో, ఇద్దరు ఇంటి నుంచి అనుకోండి, అప్పుడు టూల్ తీసుకోవాల్సిందే. ముఖం కనబడని మనిషి గురించి అడగడం మనమే మర్చిపోతాం. రెండిట్లో దేన్ని ఎంచుకున్నా, అక్కడ రాసింది జీతం పెంపు మీటింగులో కనిపించకూడదు. ఒక్కసారి కనిపించిందా, అందరూ నాలుగులే వేస్తారు.

వచ్చే నెల మా టూల్ లైసెన్సు రెన్యూవల్. మూడ్ మార్కు, బ్యాడ్జీలు తీసేసి, నెలకి రెండు ప్రశ్నలే ఉంచమని హెచ్‌ఆర్‌కి రాశాను: 'ఈ నెల పనికి ఏం అడ్డొచ్చింది? పోయిన నెల చెప్పినదాంట్లో ఏం మారింది?' రెండో ప్రశ్న నాకు నేను వేసుకునేది అని వాళ్లకింకా చెప్పలేదు.