హార్పర్స్ ఫెర్రీ, చార్లెస్టన్: దేనికి ఎంత టైమ్ ఇవ్వచ్చు?

అమెరికా అంతర్యుద్ధం అనగానే చాలామంది గెటిస్‌బర్గ్ వెళ్తారు. అది యుద్ధం మధ్యలో సంగతి. బానిసత్వం గొడవ తుపాకుల దాకా ఎలా వచ్చిందో చూడాలంటే ఈ రెండు ఊళ్లే నయం.

వెస్ట్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ, వాషింగ్టన్ డీసీ దగ్గర ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉండే మనవాళ్లకి తెలిసిన ఊరే. పొటోమాక్, షెనాండోవా నదులు కలిసే చోట ఫొటోలు దిగి వచ్చేస్తుంటారు. 1859 అక్టోబర్‌లో జాన్ బ్రౌన్ అనే తెల్లాయన 21 మందితో వచ్చి ఇక్కడి ప్రభుత్వ ఆయుధాగారాన్ని పట్టుకున్నాడు. తుపాకులు బానిసలకి పంచి తిరుగుబాటు లేపాలని ప్లాన్. రెండు రోజులు కూడా నిలవలేదు. విచిత్రం ఏంటంటే, ఆ దాడిలో ముందు ప్రాణం పోయింది హేవర్డ్ షెపర్డ్ అనే నల్లజాతి రైల్వే ఉద్యోగిది. డిసెంబర్ 2న బ్రౌన్‌ని ఉరితీశారు. ఉత్తరాదిలో చాలామంది ఆయన్ని అమరుడన్నారు. అది విన్న, బానిసలున్న దక్షిణాది వాళ్లకి నిద్ర కరువైంది.

బ్రౌన్ దాక్కున్న చిన్న ఇటుకల గది ఇప్పుడున్నది అసలు చోటు కాదు. 1893 ఎగ్జిబిషన్‌ కోసం దాన్ని షికాగో కూడా తీసుకెళ్లారు! కారు విజిటర్ సెంటర్ దగ్గరే పెట్టి షటిల్ ఎక్కండి, కింద పార్కింగ్ దొరకడం కష్టం. పెద్దవాళ్లుంటే జెఫర్సన్ రాక్ మెట్లు వద్దు. రాత్రి బస అక్కర్లేదు.

సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌లో అందరూ పరుగెత్తేది ఫోర్ట్ సమ్టర్‌కి. యుద్ధం మొదలైంది అక్కడే, 1861 ఏప్రిల్ 12న. పడవ ప్రయాణం బాగుంటుంది. కోటలో మాత్రం సగం చోటు తర్వాతెప్పుడో కట్టిన నల్లటి కాంక్రీటే ఆక్రమించింది, నీడ తక్కువ. దక్షిణాది సైన్యం ఆ కోట మీద 34 గంటలు ఫిరంగులు పేల్చినా ఆ దాడిలో ఒక్కరూ చనిపోలేదు. కోటలోని ప్రభుత్వ సైన్యం లొంగిపోయాక జెండా వందనంలో ఫిరంగి పేలి ఒక సైనికుడు పోయాడు. ఎలా మొదలైందో తెలుస్తుంది గానీ, ఎందుకో ఆ కోట చెప్పదు.

ఎందుకో తెలియాలంటే చామర్స్ వీధిలోని ఓల్డ్ స్లేవ్ మార్ట్ మ్యూజియం చూడాలి. టికెట్ చవక, గంట చాలు. 1856లో ఊరివాళ్లు వీధుల్లో మనుషుల్ని వేలం వేయడం నిషేధించారు. అమ్మకాలు ఆగలేదు, గోడల వెనక్కి వెళ్లాయంతే. అమ్మేముందు ఒంటికి నూనె రాసేవాళ్లు, తెల్లవెంట్రుకలకి రంగు వేసి వయసు తగ్గించేవాళ్లు. 1860లో ఈ రాష్ట్ర జనాభా దాదాపు 7 లక్షలు, అందులో 4 లక్షల మంది బానిసలే. అప్పుడే ప్రెసిడెంట్‌గా గెలిచిన లింకన్ బానిసత్వాన్ని ఉన్నచోట రద్దు చేస్తానని కూడా అనలేదు, కొత్త ప్రాంతాలకి పాకనివ్వనన్నాడు. ఆ మాత్రానికే డిసెంబర్ 20న దేశం నుంచి విడిపోతున్నట్టు ఈ ఊళ్లోనే సంతకాలు పెట్టారు. ఆస్తి అంతా మనుషుల రూపంలో ఉన్నవాళ్ల కంగారు అది. ఓపికుంటే గాడ్స్‌డెన్ రేవు దగ్గర 2023లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం కూడా చూడండి, సగం రోజు పడుతుంది.

బస ఊరి మధ్యలో వద్దు. మేం దిగిన హోటల్‌వాళ్లు పార్కింగ్, ఫీజులంటూ బిల్లు బాగా పెంచేశారు. మౌంట్ ప్లెజెంట్‌లో ఉంటే నయం, ఫోర్ట్ పడవ అటు నుంచి కూడా ఉంది. ఇది అన్నం తినే ఊరే, ఆ వరి పండించింది కూడా బానిసలే. రెడ్ రైస్ రుచిగా ఉంటుంది, కానీ చాలాచోట్ల పంది మాంసం వేస్తారు, శాకాహారులు ముందే అడగండి.