అమలాపురం కోర్టు దగ్గర టైపింగ్ షాపు: ఎలక్షన్ పిటిషన్‌కి పనికొస్తుందా?

టైపింగ్ శుభ్రం, ఇంటిపేర్లలో తప్పుల్లేవు. డబ్బు పంచారన్న ఆరోపణ ఉంటే 25వ ఫారం అఫిడవిట్ ఉండాలని వాళ్లే గుర్తుచేస్తారు, మెచ్చుకోవాలి.

తేడా కొట్టేది కాపీల దగ్గర. ఎమ్మెల్యే ఎన్నికపై హైకోర్టుకెళ్తే ప్రతివాదులు ఎంతమందో అన్ని కాపీలూ పెట్టాలి. ప్రతిదాని మీదా ‘నిజ ప్రతి’ అని పిటిషనరే స్వయంగా సంతకం చేయాలి. ఈ షాపులో సంతకమైన సెట్‌నే జిరాక్స్ తీసి కుట్టేస్తారు. గెలిచినాయన లాయరు ముందు వెతికేది సరిగ్గా అసలు సంతకపు సిరా గుర్తే.

రూ.2,000 డిపాజిట్ ‘తర్వాత కట్టొచ్చు’ అన్న షాపువాళ్ల సలహా శుద్ధ తప్పు. పిటిషన్‌తోపాటే కట్టాలి, లేకుంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 86వ సెక్షన్ కింద కొట్టేస్తారు. ఓడినాయన తననే గెలిచినట్టు ప్రకటించమంటే, బరిలో మిగిలిన అభ్యర్థులందరినీ ప్రతివాదులుగా చేర్చాలి. కాపీల లెక్కా పెరుగుతుంది. గడువు ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజులే, ఆలస్యానికి మాఫీ లేదు. కోనసీమ నుంచి హైకోర్టు ఉన్న నేలపాడు దాకా వెళ్లాలి మరి, 44వ రోజున జిరాక్స్ క్యూలో నిలబడకండి.