బలగమా, భగవంత్ కేసరా? ఉత్తమ తెలుగు సినిమా అవార్డు నేనైతే దేనికిచ్చేదాన్నంటే

2025 ఆగస్టు 1న 71వ జాతీయ సినిమా అవార్డులు చెప్తుంటే పర్లాకిమిడిలో మా ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, 2023 సినిమాలకి కదా, ఉత్తమ తెలుగు సినిమా అంటే బలగమే అని మనసులో ఖాయం చేసేసుకున్నాను, తీరా చూస్తే భగవంత్ కేసరి అన్నారు. ఆరోజు నుంచీ మా బావకీ నాకూ ఇదే వాదన. ఆయన బాలయ్య ఫ్యాను, "మంచి సినిమాకే ఇచ్చారు కదమ్మా, నీకేటి బాధ" అంటారు. బాధ ఉంది బావా.

ముందు కేసరి సంగతి. ఆ దసరాకి శ్రీకాకుళంలో అత్తారింటోళ్ళందరితో కలిసి హాల్లో చూశాం, నాకు నచ్చింది కూడా. బాలకృష్ణ వయసుకి తగ్గ పాత్ర, శ్రీలీలని కూతుర్లా పెంచి ఆర్మీలోకి పంపాలని తపించే మనిషి. స్కూల్లో పిల్లలకి గుడ్ టచ్, బ్యాడ్ టచ్ చెప్పే సీను వచ్చినప్పుడు మా చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఇంటికొచ్చాక తనే దాని గురించి అడిగింది. నేను ఎలా మొదలెట్టాలా అని రెండేళ్ళుగా అనుకుంటున్న మాట అది, అంత పెద్ద హీరో నోట వస్తే ఎంతమంది ఇళ్ళలోకి వెళ్తుందో. దానికి అనిల్ రావిపూడికి దండం పెడతాను. కానీ మిగతా సగం అర్జున్ రాంపాల్ విలనీ, ఫైట్లు, ఎలివేషన్లు, ఆ సగం మనం ఎన్నో సినిమాల్లో చూసేసిందే.

ఇప్పుడు బలగం. ఇది ఫోన్లో ప్రైమ్‌లో చూశాను, పక్కింటి ఒడియా మావుసీ కూడా వచ్చి కూర్చున్నారు, ఆవిడకి తెలుగు సగం సగం వచ్చు, ఆ తెలంగాణ యాస అయితే నాకే అక్కడక్కడా ఆగి వినాల్సొచ్చింది. ఇంటి పెద్ద కొమురయ్య పోతాడు, పిండం పెడితే కాకి ముట్టదు, మళ్ళీ పెట్టినా ముట్టదు, ఊరంతా గుసగుసలు. నేనేం చెప్పకముందే మావుసీ "ఆయనకి ఏదో కోరిక మిగిలిపోయింది" అనేశారు, వాళ్ళాయన దశాహం, అంటే పదోరోజు కర్మ, నాడు జరిగింది గుర్తొచ్చి కళ్ళు తుడుచుకున్నారు. భోజనాల దగ్గర నల్లిబొక్క (మూలుగ ఎముక) కోసం బావాబామ్మర్దులు గొడవపడి ఇరవయ్యేళ్ళు మాట్లాడుకోకపోవడం అంటే బయటోళ్ళకి వింతగా ఉంటుందేమో, మాకు మాత్రం అలాంటి ఇల్లు వీధికొకటి ఉంది. చివర్లో కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడే పాటకి మేమిద్దరం ఒకటే ఏడుపు. తెలంగాణలో ఊళ్ళకి ఊళ్ళు తెరకట్టి బలగం చూశాయంటే ఎందుకు చూశాయో నాకు ఆ రాత్రి తెలిసింది.

నా లెక్క ఏటంటే, ఉత్తమ తెలుగు సినిమా అన్నప్పుడు తెలుగు అనే మాటకి బరువుండాలి. మాది గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు, జనం మాట్లాడే తెలుగే రాయాలని ఆయన పోరాడింది ఇక్కడ్నుంచే, 1936లో ఊరు ఒడిశాలోకి వెళ్ళిపోయినా ఇంట్లో మా తెలుగు మాకుంది. రెండు సినిమాల్లోనూ తెలంగాణ యాసే, కేసరిలో అది హీరో డైలాగుకి పదునుగా పనికొచ్చింది, బలగంలో ముసలోళ్ళు, ఆడోళ్ళు, అప్పులోళ్ళు అందరూ దాంట్లోనే బతుకుతున్నారు. కేసరి కథ హిందీలో తీసినా నడుస్తుంది, బలగాన్ని ఆ ఊరు లోంచి పీకితే ఏం మిగల్దు.

తెలంగాణ ప్రభుత్వం గద్దర్ అవార్డుల్లో 2023కి మొదటి స్థానం బలగానికే ఇచ్చింది, రెండు హనుమాన్, మూడు భగవంత్ కేసరి. నేనూ అదే వరసలో పెడతాను. బావ "ఆడపిల్లల గురించి మెసేజ్ ఉంది కదా, అది లెక్క కాదేటి" అంటారు, లెక్కే బావా, కానీ సామాజిక విలువలకి జాతీయ అవార్డుల్లో వేరే విభాగమే ఉంది, ఈసారి అది సామ్ బహాదుర్‌కి వెళ్ళింది, జనానికి నచ్చిన సినిమాకి ఇంకోటి ఉంది, కేసరిని ఆ రెండిట్లో దేంట్లో నిలబెట్టినా నేను చప్పట్లు కొట్టేదాన్ని. బలగానికి ఉన్నది ఈ ఒక్క చోటే. అందులో ఊరు పల్లెటూరు పాట రాసినందుకు కాసర్ల శ్యామ్‌కి మాత్రం గీతరచన అవార్డు వచ్చింది, చాలా సంతోషం, ఆయనకి రావాల్సిందే.

బేబీ సినిమాకి స్క్రీన్‌ప్లే అవార్డు ఇవ్వడం సరే. ఉత్తమ నటుడు షారుఖ్, విక్రాంత్ మాస్సే ఇద్దరికీ పంచారు, నేనైతే ట్వెల్త్ ఫెయిల్‌కి విక్రాంత్ ఒక్కడికే ఇచ్చేదాన్ని, జవాన్ కంటే షారుఖ్ ఎన్నోసార్లు బాగా చేశాడు, అప్పుడివ్వాల్సింది.

సహాయనటి మాత్రం నా మనసులో ఎప్పటికీ బలగం రూపాలక్ష్మే. అన్నేళ్ళ తర్వాత పుట్టింటికొచ్చి తండ్రి శవం దగ్గర కూలబడే ఆ సీను మొన్న పండక్కి బావకి మళ్ళీ పెట్టి చూపించాను, మా పెద్దత్త కూడా తాతయ్య పోయినప్పుడు అలాగే వచ్చింది, గుమ్మం దాటలేక అక్కడే కూర్చుండిపోయింది. బావ సీను అయ్యేదాకా ఏం మాట్లాడలేదు, తర్వాత "దీనికి ఇవ్వాల్సిందేనమ్మా" అన్నారు.