న్యూజెర్సీ వెళ్లేవాళ్లు జేఎఫ్‌కేలో దిగకండి

లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టుకి సుమారు 5,540 కిలోమీటర్లు. టికెట్ మీద ఎనిమిది గంటలు. మధ్యాహ్నం రెండున్నరకు ఎక్కితే, ఐదు గంటల తేడా వల్ల అక్కడి టైము ప్రకారం సాయంత్రం ఐదున్నరకే దిగుతాం. ఆ లెక్క నమ్ముకుని అమ్మని తీసుకుని బయల్దేరాను. న్యూజెర్సీ ఎడిసన్‌లో అక్క ఇంటికి చేరేసరికి రాత్రి పదిన్నర. అమ్మ ఒంటికి అది తెల్లవారుజాము మూడున్నర.

తప్పు టికెట్ దగ్గరే జరిగింది. న్యూజెర్సీలోనే ఉన్న నెవార్క్ ఎయిర్‌పోర్టుకి మనిషికి 517 పౌండ్లు, జేఎఫ్‌కేకి 462. ఇద్దరికీ కలిపి 110 పౌండ్లు మిగులుతాయని జేఎఫ్‌కే తీసుకున్నాను. గాల్లో దూరం రెండింటికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా నేల మీదే. ఎడిసన్‌కి నెవార్క్ నుంచి అరగంట దారి. జేఎఫ్‌కే నుంచి అయితే బెల్ట్ పార్క్‌వే మీద పాకి, వెరజానో వంతెన ఎక్కి, స్టాటెన్ ఐలాండ్ దాటాలి. దాదాపు డెబ్బై కిలోమీటర్లు.

విమానంలో ఏ ఇబ్బందీ లేదు. తెర మీద మ్యాపు చూసి, తిన్నగా పోకుండా ఐర్లాండ్ మీదుగా అంత పైకి ఎందుకు వెళ్తున్నాడని అమ్మ అడిగింది. భూమి గుండ్రం కాబట్టి అదే దగ్గర దారని చెబితే కిటికీ వదల్లేదు.

దిగాక ఇమిగ్రేషన్ లైన్లో గంటా నలభై నిమిషాలు నిలబడ్డాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు. టికెట్‌తోపాటే వీల్‌చైర్ అడిగి ఉంటే ఉచితంగా ఇచ్చేవారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇది మర్చిపోవద్దు.

బయటికి రాగానే కోటు వేసుకున్న ఒకతను "టాక్సీయా?" అంటూ సూట్‌కేసు అందుకున్నాడు. ఎడిసన్‌కి 140 డాలర్లన్నాడు. బావగారు ఆఫీసులో ఉన్నారు, అమ్మ నిలబడలేకపోతోంది, సరేనన్నాను. రెండున్నర గంటలు ట్రాఫిక్‌లోనే గడిచాయి. అక్క ఇంటి ముందు ఆపి టోలు, సామాను, ట్రాఫిక్ అని 210 అడిగాడు. రాత్రిపూట వీధిలో గొడవెందుకని అమ్మే నా చెయ్యి పట్టుకుని ఇచ్చెయ్యమంది. టికెట్లో మిగిలిన పౌండ్లు అక్కడితో సరి, పైన నా జేబులోదే పోయింది. లోపల పలకరించే వాళ్ల వెంట వెళ్లకండి. బయట టాక్సీ స్టాండు ఉంది, యూనిఫాం వేసుకున్న మనిషి ఉంటాడు. మాన్‌హట్టన్‌కి పసుపు రంగు టాక్సీకి 70 డాలర్లు ఖాయం రేటు, టోలూ టిప్పూ వేరు.

"దారంతా ఏడుపొచ్చిందే, వాడు బాధపడతాడని ఊరుకున్నా" అని అమ్మ అక్కతో అందట. అక్క చెబితేనే నాకు తెలిసింది.

తిరుగు టికెట్ నెవార్క్ నుంచే. అటునుంచి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఆరు గంటలా ఇరవై ఐదు నిమిషాల్లో వచ్చేశాం. ఇటువైపు రాత్రి విమానం వద్దు. భోజనం, టిఫిను పోగా నిద్రకి మూడు గంటలు కూడా మిగలవు. మేం పొద్దున ఎనిమిదిన్నరది ఎక్కాం. ఈసారి వీల్‌చైర్ అడిగాను. హీత్రోలో దాన్ని తోసిన అమ్మాయి లిఫ్టులు వెతికి, బ్యాగులు దింపి, మా కారు దాకా వచ్చింది. టిప్పు ఇస్తే తీసుకోలేదు. అమ్మ అరిసెల పొట్లం చేతిలో పెడితే మాత్రం తీసుకుంది.

రాత్రి తొమ్మిదిన్నరకు హౌన్స్‌లోలో మా ఇంట్లో అమ్మ పెరుగన్నం కలుపుతోంది.